సాలగ్రామమునకు వెల కట్టవచ్చునా?

శ్రీమన్నారాయణుడు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపములను ఐదు విధములుగా వేంచేసి యున్నాడని పాంచరాత్రాగమము బోధించుచున్నది. పరమపదము దూరము. పాలకడలి దూరము. రామకృష్ణాది అవతారముల కాలము గతించినది. హృదయమందలి అంతర్యామిని దర్శించుటకు యోగదృష్టి కావలెను. ఈ నాలుగును అందని సామాన్యునికి అందుటకై స్వామి దాల్చిన రూపము అర్చ. అర్చామూర్తి భక్తుడు పోసిన నీటితో స్నానము చేయును, భక్తుడు పెట్టిన వేళకు ఆరగించును, భక్తుడు మూసిన పెట్టెలో విశ్రమించును. సర్వస్వతంత్రుడు ఇంతటి పరతంత్రుడగుటయే సౌలభ్య గుణమునకు పరాకాష్ఠ యని పూర్వాచార్యులు ఉపదేశించిరి.

అర్చామూర్తులలో మానవులు ప్రతిష్ఠించినవి కలవు, ఋషులును సిద్ధులును ప్రతిష్ఠించినవి కలవు, దేవతలు ప్రతిష్ఠించినవి కలవు. ఎవరి ప్రతిష్ఠయు అక్కరలేక స్వామి తనంత తాను వెలసినవి స్వయంవ్యక్తములు. శ్రీరంగము, శ్రీముష్ణము, వేంకటాద్రి, సాలగ్రామము, నైమిశారణ్యము, తోతాద్రి, పుష్కరము, బదరి అను ఎనిమిది క్షేత్రములు స్వయంవ్యక్తములని ప్రసిద్ధి. వేంకటాద్రితో పాటు సాలగ్రామ క్షేత్రమును ఈ వరుసలో చేరియుండుట గమనింపదగినది. ఏడుకొండలపై నిలిచి యాత్రికులను పిలుచు స్వామియే హిమాలయపు నదిలో గులకరాయియై దొర్లుచు తనను ఏరుకొనువాని కొఱకు ఎదురుచూచుచున్నాడు. తిరుమలలో శ్రీవారి ఆభరణములలో సాలగ్రామ హారము కలదు. తిరువనంతపురమున శయనించిన శ్రీపద్మనాభుని మూర్తి గండకీ నది నుండి తెచ్చిన 12,008 సాలగ్రామములతో ఏర్పడినదని సంప్రదాయము.

ఇట్టి శిల నేడు అంగడిలో కనబడుచున్నది. పరిమాణమును బట్టి, చక్రములను బట్టి, నునుపును బట్టి దానికి వెల పలుకుచున్నది. ఖనిజములను, శిలాజములను సేకరించువారు దానిని పురాతన ప్రాణి యొక్క నమూనాగా కొనుచున్నారు. భక్తులు దానిని దైవముగా కొనుచున్నారు. ఇరువురును ఒకే అంగడిలో ఒకే రాతిని చేతబట్టి నిలిచి వెల యడుగుచున్నారు. వారి నడుమ భేదమేమి? డబ్బు చెల్లించినంత మాత్రమున స్వామి ఆ ఇంటికి వేంచేసినట్లేనా? పూజాపీఠమున్న ప్రతి గృహస్థుడును విచారింపవలసిన విషయమిది.

గండకీ గర్భము

నేపాల దేశమున ముస్తాంగు ప్రాంతములో, సముద్రమట్టమునకు 3,700 మీటర్లకు పైగా ఎత్తున ముక్తినాథ క్షేత్రము కలదు. నూట యెనిమిది దివ్యదేశములలో ఇది తిరుసాలగ్రామము. పెరియాళ్వారును, తిరుమంగై యాళ్వారును మంగళాశాసనము చేసిన స్థలము. ఆలయము వెనుక అర్ధవలయముగా అమర్చిన 108 ధారల నుండి మంచునీరు పడుచుండును. యాత్రికులు వణకుచునే ఆ ధారలన్నింటి క్రింద తల యొగ్గుదురు. సమీపమున జ్వాలామాయి సన్నిధిలో నేల నుండి వెలువడు సహజ వాయువు చిన్న నీలిజ్వాలగా వెలుగుచుండును. బౌద్ధులకును ఇది పుణ్యక్షేత్రమే.

ఈ క్షేత్రమునకు దిగువన కాలీగండకి ప్రవహించుచున్నది. ఒక ప్రక్క 8,167 మీటర్ల ధవళగిరి, మరియొక ప్రక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. ఆ రెండు మహాశిఖరముల నడుమ ఈ నది లోయను కోసికొని దక్షిణమునకు సాగును. కాగ్బేని, జోమ్సోమ్ గ్రామముల యొద్ద నదీగర్భము విశాలమైన గులకరాళ్ల మైదానము. ప్రొద్దెక్కిన కొలది లోయ వెంట పెనుగాలి లేచును. కనుక సాలగ్రామములను వెదకువారు ఉదయముననే నదిలో దిగి, మోకాలి లోతు చలినీటిలో వంగి, నల్లని గుండ్రని రాళ్లను ఒక్కొక్కటిగా త్రిప్పి చూతురు. ఈ నదియే దిగువన నారాయణి యను పేరు దాల్చి, బీహారులో సోనపూరు హరిహర క్షేత్రము చెంత గంగలో కలియును. గజేంద్రుని మొర ఆలకించి స్వామి పరుగున వచ్చిన తావు అదియే యని అచ్చటి సంప్రదాయము. ఈ విధముగ ఒకే నది తన పుట్టుక యొద్ద స్వామిని శిలగా ప్రసాదించి, సంగమము యొద్ద ఆయన కరుణను స్మరింపజేయుచున్నది.

స్వామి ఇచ్చట శిలయగుటకు పురాణములు రెండు కారణములను చెప్పుచున్నవి. గండకి తపస్సు చేసి, స్వామి తన గర్భమున బిడ్డగా ఉండవలెనని వరము కోరినదని వరాహపురాణ గాథ. భర్తయైన శంఖచూడుని వధకై తన పాతివ్రత్యమును భంగపఱచిన హరిని తులసి శిలవు కమ్మని శపించినదనియు, స్వామి ఆ శాపమును శిరసావహించి గండకీ తీరమున శిలయైనాడనియు, తులసి దేహమే గండకీ నదియై, ఆమె కేశములు తులసివృక్షములైనవనియు బ్రహ్మవైవర్త పురాణ గాథ. ఒక గాథలో వరము, మరియొక గాథలో శాపము. రెండింటను స్వామి తానుగా ఇచ్చుకొన్నాడే కాని, ఆయనను ఎవరును సంపాదించలేదు. తల్లికి బిడ్డ లభించినట్లు గండకికి లభించినాడు. అపరాధమునకు తల యొగ్గినట్లు తులసి మాటకు లోబడినాడు. సాలగ్రామ తత్త్వమంతయు ఈ ఇచ్చుకొనుటయందే ఉన్నది.

శాస్త్రజ్ఞులు చెప్పు వృత్తాంతము

వజ్రకీటమను పురుగు శిలను తొలిచి లోపల చక్రములు రచించునని పెద్దలు చెప్పుట కలదు. భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పునది వినినచో, ఆ మాట వెనుక ఒక నిజమైన ప్రాణి ఉన్నదని తెలియును. దాని పేరు అమ్మోనైటు. ఇది సముద్రజీవి. నేటి నాటిలస్‌ను పోలిన చుట్టలు చుట్టిన గుల్లలో నివసించెడిది. అష్టపదికిని ఇది దూరపు బంధువే. ప్రాణి పెరుగుకొలది గుల్లకు క్రొత్త గది కట్టుకొని ముందుకు జరుగును. వెనుకటి గదులను అడ్డుగోడలతో మూసి, వాటిని సన్నని నాళముతో కలిపి, ఆ గదులలోని గాలి నీరు హెచ్చుతగ్గుల చేత సముద్రములో తేలియుండెడిది. సాలగ్రామమున వలయమువలె కనబడు చుట్ట ఈ గుల్ల ముద్రయే. చక్రపు ఆకులవలె కనబడు గీతలు గుల్లపై అడ్డముగా లేచిన గట్లు.

భారత భూఖండము ఆసియాను తాకకముందు ఆ రెంటి నడుమ టెథిస్ అను సముద్రముండెను. మరణించిన అమ్మోనైటులు ఆ సముద్రపు అడుగుననున్న నల్లని బురదలో పడినవి. శరీరము కుళ్లునపుడు పుట్టిన రసాయనముల వలన గుల్ల చుట్టునున్న బురద, తక్కిన బురద కన్న ముందుగా గట్టిపడి ఉండగా మారినది. కొన్నింటిలో గుల్ల స్థానమున మాక్షికము చేరుటచేత లోపల బంగారు గీతలు మెఱయును. హిరణ్యగర్భమను పేరు వినినవారికి ఆ మెఱుపు చూడగానే అర్థమగును. గండకీ తీరపు నల్లని పొరలు ఎక్కువ భాగము సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రిందటివని శాస్త్రజ్ఞుల నిర్ణయము. తరువాత సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట రెండు భూభాగములు ఒరసికొనగా సముద్రపు అడుగు మడతలు పడి హిమాలయమై లేచినది. నది ఆ పొరలను కోసి, ఉండలను రాల్చి, దొర్లించి, నునుపు చేసి మానవుని చేతికందించుచున్నది. అమ్మోనైటుల జాతి యంతయు సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందటనే లోకమునుండి నశించినది.

ఈ వృత్తాంతము వినినచో భక్తికి లోపము కలుగునని కొందఱు భయపడుదురు. భయమునకు కారణము లేదు. మట్టి తో చేసిన ప్రతిమలోను, కంచుతో పోసిన విగ్రహములోను స్వామిని దర్శించువారికి, ఒకప్పుడు ప్రాణమున్న గుల్లలో ఆయనను దర్శించుట ఎట్లు కొఱత యగును? సముద్రపు అడుగు పర్వతమగునంత కాలము, ఒక చిన్న ప్రాణి గుల్ల చెక్కుచెదరక నిలిచి, ఒక భక్తుని అరచేతికి చేరుట తలచినచో చేయి వణకవలెనే కాని మనస్సు చలింపనక్కరలేదు.

ఇచ్చటనే గ్రహింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. అమ్మోనైటులు గండకిలో మాత్రమే లేవు. కచ్ఛ దేశమున కలవు. శ్రీరంగమునకు ఎంతో దూరము కాని అరియలూరు ప్రాంతపు సున్నపురాతి పొరలలోను అమ్మోనైటులు విరివిగా దొరకుచున్నవి. శ్రీరంగనాథుని పొరుగున దొరకినను వాటిని ఏ ఆచార్యుడును సాలగ్రామములని ఆరాధింపలేదు. చక్రముద్రయే ప్రధానమైనచో అవియు సాలగ్రామములు కావలసియుండెను. కావున శిలను సాలగ్రామముగ చేయునది అందలి ప్రాణి కాదు, ఆకారము కాదు. స్వామి సంకల్పించిన క్షేత్రము, ఆ క్షేత్రము నుండి భక్తుని వఱకు దానిని చేర్చిన చేతులు. ఈ రెండింటికిని అంగడిలో తూనిక లేదు.

వెల కట్టరాదను నియమము

సాలగ్రామమును అమ్మువాడును, దానికి వెల నిర్ణయించువాడును, ఆ వ్యవహారమునకు ఆమోదము తెలుపువాడును, పరీక్షించి మేలిదని చెప్పువాడును ఒకే దోషమున పాలుపంచుకొందురని పురాణవచనముగా ధర్మగ్రంథములు ఉదాహరించుచున్నవి. ఇంత మందిని చేర్చుటలో ఆంతర్యము కలదు. వెల ఒక్కనివలన పుట్టదు. అడుగువాడు, చెప్పువాడు, నడుమ నిలుచువాడు కూడిననే వెల ఏర్పడును. కనుక కొనువాడు తాను శుద్ధుడననియు, పాపమంతయు అంగడివానిదే యనియు తప్పించుకొన వీలులేదు.

ఇట్టి నిషేధమెందులకు? విక్రయింపబడు వస్తువు యజమానికి లోబడినది. నచ్చినచో ఉంచుకొనును, నచ్చనిచో మార్చుకొనును, లాభము వచ్చినచో మరియొకరికి అమ్మును. స్వామి విషయమున ఈ సంబంధము తలక్రిందులు. ఆయన శేషి, జీవుడు శేషుడు. ఆయన సొత్తు జీవుడే కాని, జీవుని సొత్తు ఆయన కాడు. సొత్తు తన యజమానికి వెల కట్టుట ఎంత విపరీతమో సాలగ్రామ విక్రయము అంత విపరీతము.

ఆదిశంకరులు బ్రహ్మసూత్ర భాష్యమున, సర్వవ్యాపియైన బ్రహ్మమును అల్పస్థానమున ఎట్లు ఉపాసింపవచ్చునో చెప్పు సందర్భములో, సాలగ్రామమున హరిని ఉపాసించుటను దృష్టాంతముగ గ్రహించిరి. సిద్ధాంతములు వేఱైనను సాలగ్రామము విషయమున ఆచార్యులకు భేదము లేదు. దీనికి ప్రాణప్రతిష్ఠ అక్కరలేదు. పగిలినను, బీటవారినను చక్రమున్నచో పూజార్హమే యని శాస్త్రము. అంగడిలో పగిలిన వస్తువునకు వెల తగ్గును. పూజాపీఠముపై పగిలిన సాలగ్రామమునకు తులసిదళము తగ్గదు. ఈ ఒక్క నియమమును తలచినను రెండు లోకముల భేదము తేటపడును.

సంఖ్యకును నియమము కలదు. సరిసంఖ్యలో సాలగ్రామములను పూజింపవచ్చును, కాని రెండింటిని పూజింపరాదు. బేసిసంఖ్య పనికిరాదు, కాని ఒక్కటి శ్రేష్ఠము. ఉసిరికాయంత సాలగ్రామము గృహస్థునకు ప్రశస్తమని పెద్దలు చెప్పుదురు. ఇంట ఉన్న ప్రతి మూర్తికిని నిత్యము జలము, తులసి, నివేదనము జరుగవలెను. ఆరాధింపగలిగినంతకే కాని, దొరకినంత కూడబెట్టుటకు శాస్త్రము అనుమతింపదు.

సేకరించువారి ధర్మము

ఇంత చెప్పినంతమాత్రమున రాళ్లను, శిలాజములను సేకరించువారు నిందార్హులని భావింపరాదు. లోకమున అదియొక విద్య. మహారాష్ట్రలో జలగాం, నాసిక్, పూణె ప్రాంతముల నల్లరాతి క్వారీలలో దొరకు జియోలైటు స్ఫటికములు ప్రపంచమందలి మ్యూజియములలో భద్రపఱుపబడి యున్నవి. మన గోదావరి లోయలో యామనపల్లి యొద్ద లభించిన డైనోసారు ఎముకలు, కోటసారస్ అను పేరుతో, హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో పూర్తి అస్థిపంజరముగా నిలిచియున్నవి. ఏ పిల్లవాడైనను చూచి ఆశ్చర్యపడవచ్చును.

నిజమైన సేకర్తకు ఒక కఠిన నియమము కలదు. ప్రతి నమూనాతో పాటు ఒక చీటీ ఉండవలెను. అది ఏ ఊరిది, ఏ గనిది, ఏ పొరలోనిది, ఎవరు ఎప్పుడు తీసిరి అను వివరములు ఆ చీటీపై వ్రాయబడి యుండవలెను. చీటీ పోయిన నమూనా ఎంత అందమైనదైనను మూగది. అది విద్యకు పనికిరాదు. విఱిగినచోట జిగురు పెట్టినచో ఆ మాట దాచకుండ చెప్పవలెను. భక్తుడు ఈ నియమము నుండి నేర్చుకొనవలసినది కలదు. సేకర్త శిలను పుట్టినచోటితో గుర్తించును. గృహస్థుడు సాలగ్రామమును ఇచ్చినవారితో గుర్తించును. ఇది తాతగారు కాలినడకన వెళ్లి తెచ్చినది, ఇది ఆచార్యుల అనుగ్రహము, ఇది మేనమామ అవసానమున అప్పగించినది అని చెప్పగలుగుటయే ఆ మూర్తికి చీటీ. పరంపర తెలియని శిలను అంగడి నుండి తెచ్చుట కన్న, తెలిసిన ఒక్క మూర్తిని సేవించుట మేలు.

ధనము ప్రవేశించినచో ఏమగునో లోకము చూచుచునేయున్నది. 2024 జూలైలో న్యూయార్కు వేలములో ఒక స్టెగోసారస్ అస్థిపంజరము 4 కోట్ల 46 లక్షల డాలర్లు పలికినది. అంత వెల పెట్టి కొనినవారును దానిని ప్రజలు చూచుటకై ఒక మ్యూజియమునకు ఎరువుగా ఇచ్చిరి. ఎంత పెట్టి కొనినను దానిని తాళము వేసి దాచుకొనుటలో తృప్తి లేదని ఆ వృత్తాంతమే తెలుపుచున్నది.

ఉలి చెక్కిన చక్రము

కొనువాని కోరిక ఎచ్చట ఉన్నదో కల్తీ అచ్చటనే పుట్టును. ఇందుకు దూరదేశపు నిదర్శన మొకటి కలదు. ఇంగ్లండులో విట్బీ అను సముద్రతీర పట్టణమున అమ్మోనైటులు విరివిగా దొరకును. ఏడవ శతాబ్దమున అచ్చటి క్రైస్తవ మఠమునకు అధిపురాలైన హిల్డా అను సాధ్వి ఆ ప్రాంతపు పాములన్నింటిని శిలలుగా మార్చినదని అచ్చటివారి నమ్మకము. చుట్టలు చుట్టిన రాతిలో పాము కనబడినది గాని తల కనబడలేదు. తల ఉన్నచో యాత్రికులు కొందురు. కనుక అమ్మువారు రాతి చివర పాముతల చెక్కి అమ్మిరి. అట్లు చెక్కినవి నేటికిని మ్యూజియములలో కలవు. అమ్మోనైటులలో ఒక జాతికి శాస్త్రజ్ఞులు ఆ సాధ్వి పేరు మీదుగనే హిల్డోసెరాస్ అని నామకరణము చేసిరి. రాతిలో ఉన్నది చాలక, తాను వినినది రాతిలో కనబడవలెనని కొనువాడు పట్టుపట్టెను. ఆ పట్టుదలయే ఉలియైనది.

సాలగ్రామముల అంగడిలోను ఇదియే జరుగుచున్నది. లక్ష్మీనారాయణమునకు ధనలాభము, సుదర్శనమునకు శత్రునాశనము, నరసింహమునకు భయనివారణము అని పట్టిక చెప్పి వెల పెంచుదురు. కోరిన చక్రము శిలలో లేనిచో యంత్రముతో తొలుతురు. రెండు ముక్కలను జిగురుతో అతికింతురు. నల్లరంగు పూసి నూనె రాతురు. పొడిని అచ్చులో పోసి ఒకే రూపమున పదులకొలది తయారుచేయుదురు. సహజమైన చుట్ట బయటినుండి లోపలికి క్రమముగా సన్నగిల్లును. తొలిచిన చుట్ట ఆద్యంతము ఒకే వెడల్పున నుండును. సహజమైన రంధ్రపు అంచు నదిలో ఒరసి మొద్దుబారియుండును. క్రొత్తగా చేసిన అంచు వ్రేలికి పదునుగా తగులును. ఒకే అంగడిలో కవలలవంటి రెండు శిలలు కనబడినచో రెండింటిని అనుమానింపవలెను. గోమతీచక్రమను పేర అమ్మబడు చిన్నవస్తువు సముద్రపు నత్త తన గుల్లను మూసికొను మూత. అది సాలగ్రామము కాదు.

అయినను కల్తీని గుర్తించుట నేర్చుకొనినంత మాత్రమున సమస్య తీరదు. అసలైన శిలనే తెచ్చినను, ఫలపట్టిక చూచి తెచ్చినవానికి ఆ పట్టికలోని ఫలము రాని నాడు స్వామి మీద విసుగు పుట్టును. అప్పుడు మరియొక చక్రము కొఱకు మరియొక అంగడికి పోవును. ఉగ్రమూర్తులు గృహస్థునకు తగవని శాస్త్రము చెప్పినది వాని మేలు కోరియే. అంగడివాడు ఆ మాటను భయముగా మార్చి, ఒకదాని బదులు వేఱొకటి కొనిపించుటకు వాడుకొనుచున్నాడు. కోరికతో తెచ్చినవాడు భయముతో మార్చును. సేవ ఎన్నడు జరుగును?

ఇంకొక మాట చెప్పవలసియున్నది. ముక్తినాథమునకు పోవు త్రోవలో రాణీపౌవాయందు ఉన్ని శాలువల ప్రక్కనే సాలగ్రామములు పఱచి కూర్చుండువారు ధనికులు కారు. పంట తక్కువ, చలి ఎక్కువ అగు ఆ సీమలో నదిలో దిగి ఏరి తెచ్చిన రాళ్లే వారి కడుపుకూడు. ఇంగ్లండులో లైమ్ రీజిస్ అను తీరమున మేరీ ఆనింగ్ (1799–1847) అను పేద యువతి తండ్రి మరణించిన పిదప శిలాజములను ఏరి అమ్మి కుటుంబమును పోషించెను. ఆమె త్రవ్వి తీసిన ఇక్తియోసారు మొదలగు వాటి వలన లోకమునకు ఒక గొప్ప విద్య లభించినది. చలినీటిలో వంగిన నడుమునకు ప్రతిఫలమిచ్చుట అధర్మము కాదు. వెదకినవాని శ్రమకు, మోసినవాని ప్రయాసకు ఇచ్చునది కూలి. స్వామికి కట్టునది వెల. కూలికిని వెలకును భేదము తెలిసికొనుటకు ఒక్క పరీక్ష చాలును. శిల చిన్నదైనను, చక్రము అస్పష్టమైనను, అంతే ఇచ్చుటకు చేయి వెనుదీయనిచో అది కూలి. చక్రమును చూచి హెచ్చించుటయు, బీట చూచి తగ్గించుమని బేరమాడుటయు జరిగినచో అది వెల. మరల అమ్మిన ఎంత వచ్చునోయను ఆలోచన మనస్సున మెదలినచో అది వర్తకము.

పెట్టెలో మిగిలిన స్వామి

ఇన్నింటికన్న కఠినమైన పరీక్ష తీర్థయాత్రలో కాదు, ఇంటిలోనే ఎదురగుచున్నది. ఒక గృహమును ఊహింపవచ్చును. తాతగారి కాలమున నిత్యము తిరువారాధనము జరిగిన ఇల్లు. ఆయన పరమపదించిన పిదప కుమారుడు ఉద్యోగపు వేళలలోను వీలు చూచుకొని జలము, తులసి సమర్పించెను. అతడును గతించెను. మనుమలు ఒకరు బెంగుళూరున, ఒకరు అమెరికాలో. ఇంట మిగిలిన ముసలి తల్లి వంట ముగియగానే ఇంత అన్నము వెండిగిన్నెలో పెట్టి, పొరుగున ఉన్న అర్చకుని పిలిచి నివేదింపజేయుచున్నది. ఆమెకును శక్తి తగ్గినది. ఇల్లు అమ్మకమునకు వచ్చినది. పాతసామానులు కొనువాడొకడు వచ్చి, ఇత్తడి దీపపు స్తంభములతో పాటు ఆ సాలగ్రామములను కూడ చూచి, పెద్ద మొత్తము ఇచ్చెదనని చెప్పును. ఇట్టి ఇండ్లు నేడు ఒకటి రెండు కాదు.

మనుమడు దుర్మార్గుడు కాడు. పూజ చేయలేని ఇంట స్వామిని ఉంచుట అపచారమని అతని భయము. కొనువాడు భద్రముగా గాజుబీరువాలో పెట్టుకొనునని అతని ఊరట. కాని తాతగారు గతించిన దినమున ఆ పెట్టె పంపకములలోనికి రాలేదు. పొలము పంచుకొనిరి, నగలు పంచుకొనిరి, పెట్టెను మాత్రము ఎవరు సేవింతురో వారికి అప్పగించిరి. పంపకములో లెక్కకు రానిది అమ్మకములో ఎట్లు లెక్కకు వచ్చును? గాజుబీరువాలో శిలకు దుమ్ము పట్టకపోవచ్చును. కాని ప్రతిదినము ఒకరు తన కొఱకు స్నానము చేసి, మడి కట్టి, అన్నము వండి ఎదురుచూతురని ఎఱిగిన స్వామికి ఆ బీరువా ఇల్లు కాదు.

అమ్మక తప్పదను స్థితియే లేదు. సాలగ్రామ దానమును పురాణములు ఎంతగానో ప్రశంసించినవి. ఆరాధన చేయగల బంధువునకు, ఆచారవంతుడైన మరియొక గృహస్థునకు, మఠమునకు, లేదా గ్రామ దేవాలయమునకు ప్రతిఫలము కోరక సమర్పింపవచ్చును. సమర్పించునపుడు ఈ మూర్తి ఎవరి కాలము నుండి ఇంట ఉన్నదో, ఎవరు తెచ్చిరో తెలిసినంత వఱకు కాగితముపై వ్రాసి ఇచ్చుట మంచిది. స్వీకరించువారికి ఆ పరంపర తెలియవలెను. ఆలయమునకు అప్పగించువారు నిత్యనైవేద్యమునకు తమ శక్తికొలది ధాన్యమో ధనమో కూడ సమర్పించినచో స్వామి రిక్తహస్తములతో ఇల్లు వెడలినట్లు కాదు.

అంతకన్న మేలైనది మరియొకటి కలదు. సేవ పెద్దది కానక్కరలేదని మనుమనికి ఎవరైనను చెప్పవలెను. విస్తారమైన తిరువారాధనము చేయలేనివాడు పెద్దలనడిగి సంగ్రహవిధిని తెలిసికొనవచ్చును. శుభ్రమైన నీరు, ఒక తులసిదళము, తాను తినబోవు అన్నములో మొదటి ముద్ద. దూరదేశమున తులసి దొరకనిచో కుండీలో పెంచుకొనవచ్చును. నదిలో కోట్ల సంవత్సరములు వేచియున్న స్వామి, మనుమడు ఉద్యోగము ముగించుకొని వచ్చువఱకు వేచియుండలేడా? తాతగారి విద్వత్తు అతనికి రాలేదని సంకోచింపనక్కరలేదు. గండకికి పాండిత్యమేమి కలదు? ఆమె బిడ్డను కోరినది, మోసినది. అంతే.

ముక్తినాథమునకు పోవు యాత్రికుడు నదిలో దిగి వెదకినను వెదకవచ్చును. శిల లభించినచో అది స్వామి కటాక్షము. లభింపనిచో నదీజలమును శిరస్సున చల్లుకొని ఖాళీ చేతులతో తిరిగివచ్చుటయు యాత్రాఫలమే. ఇంట తాతగారి పెట్టె ఉన్నవాడు మరియొక శిల కొఱకు అంగళ్లు తిరుగుటకు ముందు ఆ పెట్టె మూత తీసి చూడవలెను. ఎన్ని దినములైనదో తడి తగలక అందులో వేచియున్న స్వామికి ఒక ఉద్ధరిణెడు నీరు సమర్పించినచో, వెల లేని ఆ శిలకు తగిన కానుక సమర్పించినట్లే. శ్రీమన్నారాయణుడు ప్రతి గృహమునందును ఆరాధనము అవిచ్ఛిన్నముగ జరుగునట్లు అనుగ్రహించుగాక!